నలభై డైవ్‌ల అనుభవంతో డ్రిఫ్ట్ డైవ్‌కి ఏ సైట్ ఎంచుకోవాలి?

అలల_అంచు:
అందరికీ నమస్కారం. నాకు 46 స్కూబా డైవ్‌లు అయ్యాయి, మా ఆవిడకి 31. ఇద్దరికీ అడ్వాన్స్‌డ్ కార్డు (మొదటి కోర్సు తర్వాతి శిక్షణది) ఉంది. ఇప్పటిదాకా చేసినవన్నీ దాదాపు కదలని నీళ్ళలోనే. కరెంట్‌లో, అంటే నీటి ప్రవాహంలో చేసింది ఒక్కటే, అదీ అనుకోకుండా. రీఫ్ (పగడపు దిబ్బ) మలుపు తిరగగానే ఎవరో వెనక నుంచి మెల్లగా తోసినట్టు పది నిమిషాలు తేలుకుంటూ పోయాం. కాళ్ళు ఆడించే పనే లేదు. నాకు అది తెగ నచ్చింది, తనకి మాత్రం పైకి వచ్చేదాకా టెన్షనే.

వచ్చే ఏడాది ఇలా ప్రవాహంతో పాటు తేలుతూ పోయే డ్రిఫ్ట్ డైవ్‌ల కోసమే ఒక ట్రిప్ వేసుకుందామని ఉంది. మెక్సికోలో కోజుమెల్, మాల్దీవులు, ఇండోనేషియాలో కొమోడో, పసిఫిక్‌లో పలావు, ఫ్రెంచ్ పాలినేషియాలో ఫకరావా చూస్తున్నాం. ఎక్కడ చదివినా అన్నిటి పక్కనా "ఓ మాదిరి అనుభవం ఉంటే చాలు" అనే ఉంది. మా ఇద్దరికీ ఏది సరిపోతుందో చెప్పండి.

పాత_ఫిన్స్:
కోజుమెల్. మిగతావి ఎక్కడికీ పోవు.

మంటా_పిచ్చి:
అలా ఒక్క ముక్కలో కొట్టేస్తే ఎలా అన్నా! నేను 35 డైవ్‌లతో కొమోడో వెళ్ళాను, ఏమీ కాలేదు. నా ఓటు కొమోడోకే.

బుడగల_బాబాయి:
"నాకేమీ కాలేదు" అన్నది అనుభవమే కానీ సలహా కాదు మంటా బాబూ. ఆ రోజు నీళ్ళు నీకు కలిసొచ్చాయి, అంతే.

అలల అంచు గారూ, ఊరి పేర్లు కాసేపు పక్కన పెట్టండి. డ్రిఫ్ట్ డైవ్‌లో దిగడం అందరూ దిగుతారు, డైవ్ ఎక్కడ ముగుస్తుందన్నదే అసలు సంగతి. సైట్ గురించి చదివేటప్పుడు నేను మొదట వెతికేది చేపల పేర్లు కాదు. గైడ్‌ని వదిలేసి నేనొక్కడినే పైకి వస్తే నా చుట్టూ ఏముంటుంది? బోటా, ఒడ్డా, నడి సముద్రమా? దీనికి జవాబు దొరికితే సైట్ సగం అర్థమైనట్టే.

పాత ఫిన్స్ గారు కోజుమెల్ అన్నది ఇందుకే. అక్కడ కరెంట్ దీవి పడమటి ఒడ్డు వెంబడి మామూలుగా దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. అంటే మీ కుడిచేతి పక్కన రీఫ్, ఎడమచేతి పక్కన నీలం, అంటే అడ్డేమీ లేని సముద్రం. మిమ్మల్ని ఒడ్డు నుంచి దూరంగా ఈడ్చుకుపోదు, ఒడ్డు పక్కనే నడిపిస్తుంది. బోటు లంగరు వేయదు, మీ బుడగలు చూసుకుంటూ పైన వెంట వస్తుంది. నీళ్ళు చాలా రోజులు ముప్పై మీటర్ల దాకా స్పష్టంగా ఉంటాయి కాబట్టి గ్రూపు కంటికి ఆనుతూనే ఉంటుంది. పారడైజ్ రీఫ్ లాంటి చోట పదిహేను మీటర్లకి కాస్త అటూ ఇటూలోనే డైవ్ మొత్తం అయిపోతుంది.

అలాగని కోజుమెల్ అంతా పిల్లకాలువ అనుకోకండి. ఉత్తరాన బరాకుడా రీఫ్ వేరే లెక్క, కొత్తవాళ్ళని అక్కడికి తీసుకెళ్ళరు. దక్షిణాన పుంటా సుర్‌లో డెవిల్స్ థ్రోట్ అనే గుహదారి ముప్పై మీటర్లు దాటిన లోతులోకి తెరుచుకుంటుంది. మొదటి రోజే అది చూపిస్తామన్న గైడ్ దొరికితే మర్యాదగా తప్పుకోండి. ఇంకో మాట, అక్కడ మెరైన్ పార్కులో చేతి గ్లవ్స్ వేసుకోనివ్వరు. రీఫ్ పట్టుకుని ఆగే అలవాటుంటే ముందే మానుకోవాలి.

సగం_ట్యాంక్:
బాబాయ్ చెప్పినదానికి కొన్ని లెక్కలు చేరుస్తాను. "కరెంట్ ఒకటో రెండో నాట్లు ఉంటుంది" అని బ్రీఫింగ్‌లో తేలిగ్గా అనేస్తారు. ఒక నాట్ అంటే గంటకి 1,852 మీటర్లు, నిమిషానికి సుమారు ముప్పై. నలభై అయిదు నిమిషాల డైవ్‌లో దాదాపు 1.4 కిలోమీటర్లు పోతారు. మూడు నాట్లయితే నాలుగు కిలోమీటర్ల పైమాటే.

ఇంకోలా చూడండి. రెండు నాట్ల నీళ్ళలో మీ ఆవిడ ఒక రాయి పట్టుకుని ఒక్క నిమిషం ఆగి తాబేలుని చూసింది, మీరు ఆగలేదు. ఇద్దరి మధ్య అరవై మీటర్లు. ఇంక ఒకరికొకరు కనబడరు. వెనక్కి ఈదుకుంటూ వెళ్ళి కలుసుకోవడం కుదరని పని. ఒక నాట్‌కి ఎదురీదాలంటేనే మనలో చాలామందికి రెండు మూడు నిమిషాలకి ఆయాసం వస్తుంది.

ఎయిర్ లెక్క కూడా వేసుకోండి. మామూలుగా పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు ఎదురీతలో 40 పీలుస్తాడనుకుందాం. ఇరవై మీటర్ల లోతులో పీడనం మూడు రెట్లు కాబట్టి అది 120 లీటర్లు. పన్నెండు లీటర్ల ట్యాంక్‌లో 100 బార్ అంటే 1,200 లీటర్లు. పది నిమిషాల్లో ఖాళీ. డ్రిఫ్ట్ అంటే ఎయిర్ తక్కువ అవుతుందంటారు. నిజమే, నీళ్ళతో పాటు పోయినంతసేపూ. ఎదురు తిరిగారంటే నా పేరే గతి.

(కరెంట్, కరెంట్ అని ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కగదిలో ఉన్నవాళ్ళు పోయిందా అని అడుగుతున్నారు. ఈ మాటకి ఇంకోటి వెతకాలి.)

నీలిలోతు:
నా కథ చెప్తే ఉపయోగపడుతుందేమో. పేర్లు చెప్పను, వాళ్ళ తప్పెంతో నా తప్పూ అంతే.

అప్పటికి నాకు 50 డైవ్‌లు. ఒక చానెల్ (రీఫ్‌ల మధ్య నీళ్ళు పారే సందు) బయట డైవ్. బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగిసింది. "అందరూ నా వెంటే ఉండండి" అన్నాడు గైడ్, ఉండలేకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎస్‌ఎంబి (మన జాడ బోటుకి తెలిసేలా గాలి నింపి పైకి వదిలే రంగు గొట్టం) నా దగ్గర లేదు, గైడ్ దగ్గర ఉందిగా అనుకున్నాను. ఇరవై రెండు మీటర్ల దగ్గర మాస్క్‌లోకి నీళ్ళు వచ్చాయి. అది ఖాళీ చేసుకుని తలెత్తేసరికి అంతా నీలం. గ్రూపు లేదు, రీఫ్ లేదు. నిమిషం చూసి పైకి బయల్దేరాను. ఒంట్లో చేరిన నైట్రోజన్ పోవడానికి అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల స్టాప్ కూడా చేశాను. ఆ మూడు నిమిషాల్లో ఎంత దూరం కొట్టుకుపోయానో పైకి వచ్చాక అర్థమైంది.

బోటు కనిపిస్తోంది, అగ్గిపెట్టెంత. అల లేచినప్పుడు కనిపించడం, పడినప్పుడు మాయమవడం. నేను వాళ్ళకి కనిపిస్తే కదా! నల్ల హుడ్, నల్ల సూట్, నల్ల బీసీడీ (గాలి నింపి తేలడానికి వేసుకునే జాకెట్). ఈల ఊదాను, ఇంజన్ చప్పుడులో ఎవరికి వినబడుతుంది? పసుపు రంగు ఫిన్ (ఈతకి కాలికి తొడిగే రెక్క) ఒకటి విప్పి తలపైకి ఎత్తి ఊపుతూ ఉన్నాను, చేతులు మార్చుకుంటూ. నలభై నిమిషాలు. చివరికి అటుగా వచ్చిన ఇంకో బోటువాళ్ళు చూశారు. ఫిన్ నల్లదైతే ఏమయ్యేదో ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

అప్పట్నుంచి నా ఎస్‌ఎంబి నా దగ్గరే. ఒకటిన్నర మీటర్లకి తక్కువ కాకుండా, నారింజ రంగుది, తాడు చుట్టిన స్పూల్‌తో. మీ ఇద్దరికీ చెరొకటి ఉండాలి, "మా ఆయన దగ్గర ఉంది" అంటే కుదరదు. కొనగానే సరిపోదు, అయిదు మీటర్ల దగ్గర తేలుతూ చేత్తో విప్పి, ఊది, పైకి వదలడం వచ్చి ఉండాలి. మొదటిసారి నేను దాంతోపాటే నాలుగు మీటర్లు పైకి పోయాను.

మంటా_పిచ్చి:
బాబోయ్. నీలిలోతు అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

సరే, ఒప్పుకుంటున్నాను, కొమోడో అని ఊరికే అనకూడదు. అది ఒక సైట్ కాదు. పసిఫిక్ నీళ్ళు దీవుల మధ్య సందుల్లోంచి హిందూ మహాసముద్రంలోకి తోసుకొస్తాయి, దానిమీద ఆటుపోట్లు. మంటా రే చేపల కోసం వెళ్ళే కరాంగ్ మకాస్సర్ దాదాపు బల్లపరుపు, పది పదిహేను మీటర్ల లోతే, గులకరాళ్ళ మీదుగా తేలుకుంటూ పోవడమే. నేను 35 డైవ్‌లతో చేసింది ప్రధానంగా అదే. బటు బొలొంగ్‌కి తీసుకెళ్ళారు కానీ కరెంట్ తగిలే వైపు దాటొద్దని గైడ్ నా ట్యాంక్ పట్టుకుని మరీ ఆపాడు. క్యాజిల్ రాక్ నాకు చూపించనేలేదు. అప్పుడు కోపం వచ్చింది.

బుడగల_బాబాయి:
ఆ గైడ్‌కి దణ్ణం పెట్టుకో.

2008 జూన్‌లో కొమోడో దగ్గర అయిదుగురు డైవర్లు కరెంట్‌లో కొట్టుకుపోయి రింకా దీవికి చేరారు. అక్కడి కొమోడో డ్రాగన్‌ని రాళ్ళతో అదిలించాల్సి వచ్చింది. అయిదుగురూ బతికి బయటపడ్డారు. 2014 ఫిబ్రవరిలో బాలి పక్కన నూసా పెనీడా, లెంబొంగాన్ దీవుల దగ్గర ఏడుగురు జపాన్ డైవర్లు కొట్టుకుపోతే అయిదుగురే ప్రాణాలతో దొరికారు, అదీ మూడు రోజులకి. బెదిరించడానికి చెప్పడం లేదు. గైడ్‌తో, బోటుతో వెళ్ళిన వాళ్ళకీ ఇలా జరుగుతుందని చెప్తున్నాను.

అలల_అంచు:
చాలా థాంక్స్ అందరికీ. ఇదంతా మా ఆవిడ పక్కన కూర్చుని చదువుతోంది, అదే పొరపాటైంది 🙂 తను అడగమన్నవి రెండు. మాల్దీవులు ఎందుకు వద్దు? ఆటుపోట్లు చూసుకుని తేదీలు ఎంచుకుంటే కరెంట్ తగ్గుతుందా?

బుడగల_బాబాయి:
మాల్దీవులు వద్దనలేదు. అక్కడ చట్ట ప్రకారమే సరదా డైవ్‌లకి హద్దు 30 మీటర్లు, డీకంప్రెషన్ డైవ్‌లు (పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగి తీరాల్సినవి) చేయనివ్వరు. అది మీలాంటి వాళ్ళకి మంచిదే. చూడాల్సింది చానెల్‌లో నీళ్ళు ఎటు పారుతున్నాయన్నది. సముద్రం నుంచి లోపలికి వస్తుంటే నీళ్ళు తేటగా ఉంటాయి, సొరచేపలు మూల దగ్గర చేరతాయి, మీరు చెయ్యి వదిలేసినా అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు దీవుల వలయం) లోపలికే చేరతారు. లోపల నీళ్ళు నిలకడ, బోటుకి వెతకడం తేలిక. అదే చానెల్‌లో నీళ్ళు బయటికి పోతుంటే మసకగా ఉంటుంది, చివరికి తేలేది నడి సముద్రంలో. చోటు ఒకటే, గంటలే వేరు. అందుకే ఫలానా సైట్ సేఫా అని అడిగితే నా జవాబు ఎప్పుడూ, ఎన్ని గంటలకి అని.

ఫకరావా కూడా ఇంతే. దక్షిణపు పాస్‌లో (అటోల్ లోపలికి దారి తీసే సందులో) నీళ్ళు లోపలికి వచ్చే వేళ చూసి దించుతారు, వందల గ్రే రీఫ్ సొరచేపల పక్కనుంచి తేలుతూ లగూన్, అంటే అటోల్ లోపలి నీళ్ళ వైపు వచ్చేస్తారు. ఉత్తరపు పాస్ గరువే మటుకు సుమారు కిలోమీటరున్నర వెడల్పు, అక్కడ ఒడ్డు ఆసరా లేదు. ఇప్పుడే వద్దు.

ఇక తేదీలు. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్ల తేడా పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల తర్వాత ఇంకా ఎక్కువ. అష్టమి అటూ ఇటూ తగ్గుతుంది. మొదటి ట్రిప్‌లో చానెల్ డైవ్‌లు అష్టమి వైపు పడేలా చూసుకోండి. రోజులో గంటల సంగతి నావికులు పన్నెండో వంతుల లెక్కతో చెప్తారు. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటలనుకుంటే, మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతు నీళ్ళు కదులుతాయి, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, ఒకటి. నీటి మట్టం 2.4 మీటర్లు మారే చోట మొదటి గంటలో 20 సెంటీమీటర్లు, నడిమి రెండు గంటల్లోనే 120. ఆ నడిమి రెండు గంటల్లో మీరు నీళ్ళలో ఉండకూడదు. కానీ ఇది అంచనాకే పనికొస్తుంది. చాలా చానెళ్ళలో నీళ్ళు నిలిచే సమయం, పోటు నిండే సమయం ఒకటి కావు. అది రోజూ అక్కడ దిగే కెప్టెన్‌కే తెలుస్తుంది.

కోజుమెల్‌లో మటుకు ఈ తిథుల లెక్క పెద్దగా పనిచేయదు. అది ఆటుపోట్ల కరెంట్ కాదు, సముద్రంలో ఏడాది పొడవునా పారే ప్రవాహం. రోజూ ఒకేలా ఉంటుందని కాదు, తిథి చూసి చెప్పలేమని.

సగం_ట్యాంక్:
ఫ్లోరిడాలో పామ్ బీచ్, జూపిటర్ వైపు కూడా ఇలాంటిదే, గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం అంచున డైవ్‌లు. అక్కడ గైడ్ తాడు కట్టిన బోయా ఒకటి పట్టుకుని ఈదుతాడు, పైన బోయా మీద జెండా, బోటు దాని వెంటే. దారి తప్పితే పైకి చూసి తాడు వెతుక్కోవడమే. మీ ఆవిడ గారికి ఆ తాడు ధైర్యం ఇస్తుంది. నాకైతే ఇచ్చింది.

లెన్సు_మసక:
మధ్యలో దూరుతున్నాను, డ్రిఫ్ట్‌లో పెద్ద కెమెరా తీసుకెళ్ళొచ్చా? రెండు స్ట్రోబు ఫ్లాష్‌లతో?

పాత_ఫిన్స్:
ఈ ట్రిప్‌కి వద్దు. ఒక చెయ్యి ఎస్‌ఎంబికి, ఒక చెయ్యి బీసీడీకి. మూడోది ఉంటే కెమెరాకి.

అలల_అంచు:
హ్హహ్హ. ఇంకోటి, మాకు నిజంగా భయం వేసేది కిందికి లాగే కరెంట్. అది ముందే తెలుస్తుందా?

పాత_ఫిన్స్:
తెలుస్తుంది, చూసే అలవాటుంటే. చేపలు ఎప్పుడూ కరెంట్‌కి ఎదురుగా తల పెట్టి నిలబడతాయి. గోడ పక్కన చేపలన్నీ తల పైకెత్తి ఈదుతున్నాయంటే నీళ్ళు కిందికి పారుతున్నట్టు. ముందున్నవాడి బుడగలు పైకి పోకుండా పక్కకో కిందికో తిరిగాయంటే మరీ స్పష్టం. అక్కడే ఆగి దారి మార్చాలి.

ఇరుక్కుంటే తిన్నగా పైకి కొట్టుకోకండి, ఎయిర్ అయిపోతుంది. నేను నేర్చుకున్నది ఇది. గోడ అందుబాటులో ఉంటే పట్టుకుని చేతులతో మెల్లగా పక్కకీ పైకీ పాకడం. లేకపోతే గోడకి దూరంగా నీలంలోకి ఈదడం, ఆ లాగుడు ఎక్కువగా గోడ దగ్గరే ఉంటుంది. అప్పటికీ కిందికే పోతుంటే బీసీడీలో గాలి నింపాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. లాగుడు వదలగానే ఆ గాలంతా మిమ్మల్ని రాకెట్‌లా పైకి విసురుతుంది. అందుకే నింపే బటన్ ఒక చేతిలో, వదిలే బటన్ ఇంకో చేతిలో, కళ్ళు కంప్యూటర్ మీద. నైట్రాక్స్ 32 (32 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి) వాడుతుంటే ఆక్సిజన్ పీడనానికి పెట్టుకునే 1.4 బార్ హద్దుకి మీ లోతు 33 మీటర్లే. పాతిక మీటర్ల దగ్గర లాగుడు మొదలైతే చేతిలో ఉన్న జాగా ఎనిమిది మీటర్లు.

ఎక్కడ వస్తుందంటే, నీళ్ళు రీఫ్‌కి కొట్టుకుని చీలే మూలల్లో, చానెల్ పెదవి దగ్గర. నూసా పెనీడాలో క్రిస్టల్ బే దీనికే పేరు మోసింది. ఎర్రసముద్రంలో టిరాన్ జలసంధిలో నాలుగు రీఫ్‌లు వరసగా ఉంటాయి, గోర్డన్, థామస్, వుడ్‌హౌస్, జాక్సన్. వుడ్‌హౌస్ ఉత్తరపు కొసని డైవర్లు వాషింగ్ మెషీన్ అంటారు. ఆ పేరు విన్నాక నేను అటు ముఖం చూపించలేదు.

మంటా_పిచ్చి:
పలావు ఎవరూ మాట్లాడటం లేదేంటి? బ్లూ కార్నర్‌లో రీఫ్ హుక్ (రాతికి తగిలించే తాడున్న కొక్కెం) తగిలించుకుని గాలిపటంలా నిలబడి సొరచేపల్ని చూడొచ్చు.

నీలిలోతు:
హుక్ తగిలించడం తేలిక, తీయడమే కష్టం. తాడు బిగుసుకుని ఉన్నప్పుడు బీసీడీలో గాలి ఉంటే, వదలగానే ఎగిరిపోతారు. బతికున్న పగడానికి కాకుండా చచ్చిన రాతికే తగిలించాలి. చేయొచ్చు, కానీ మొదటి డ్రిఫ్ట్ ట్రిప్‌లో కాదు. పలావు వెళ్ళాలనుంటే ముందు జర్మన్ చానెల్, నీళ్ళు లోపలికి వచ్చే వేళ ఉలాంగ్ చానెల్ చేసి, తర్వాత బ్లూ కార్నర్ గురించి గైడ్‌నే అడగండి. అడిగేటప్పుడు డైవ్‌ల లెక్క పెంచి చెప్పకండి.

అలల_అంచు:
తేల్చేశాం. కోజుమెల్, ఆరు రోజులు. మొదటి రెండు రోజులూ పారడైజ్, యుకాబ్ లాంటివే అడుగుతాం. సాంటా రోసా గోడ నాలుగో రోజు, అదీ మా ఇద్దరికీ సరే అనిపిస్తేనే. ఈలోపు ఇక్కడే నిలకడ నీళ్ళలో ఎస్‌ఎంబి పదిసార్లు వదలడం ప్రాక్టీస్ చేస్తాం. నిన్న మొదటిసారి చేశాం. నేను తాడులో కాలు ఇరికించుకున్నాను, తను శుభ్రంగా వదిలింది. ఇంటిదాకా ఆ విషయమే మాట్లాడింది.

నీలిలోతు:
ఆవిడ గారికి నా సలాం.

అంచు_కాదు_నడుమ:
నమస్కారం, నేనే ఆ ఆవిడని. ఖాతా తెరిచాను, ఆయన రాసేది సగమే ఉంటోంది. నాది ఒక్కటే ప్రశ్న. తాబేలుని చూసి ఆగేది నేను కాదు, ఆయన. మంటాయో సొరచేపో కనిపిస్తే నన్ను మర్చిపోయి దాని వెంట పోతారు. అప్పుడు నేనేం చెయ్యాలి? ఆయన కోసం వెతకాలా, గ్రూపుతో పోవాలా?

బుడగల_బాబాయి:
అమ్మా, మీ ప్రశ్నకి మార్కులన్నీ ఇచ్చేయొచ్చు. గ్రూపు కనిపిస్తుంటే గ్రూపుతోనే పోండి, గైడ్‌కి సైగ చేసి బడ్డీ (జోడీ డైవర్) లేడని చెప్పండి. అటుపైన ఏం చెయ్యాలో ఆయన చూసుకుంటాడు. ఎవరూ కనబడకపోతే ఒక్క నిమిషం చుట్టూ చూడండి, పైకీ కిందికీ కూడా. తర్వాత పైకి బయల్దేరండి. ఎస్‌ఎంబి వదిలి, కరెంట్‌తో తేలుతూనే స్టాప్ చేయండి, ఒకేచోట నిలబడాలని చూడొద్దు. మీ ఆయనా అదే నిమిషం వెతికి అదే పని చేస్తే ఇద్దరూ ఒకరికొకరు దగ్గర్లోనే తేలతారు. దిగే ముందు బోటు మీదే ఇద్దరూ ఈ మాట అనుకోవాలి, "ఒక్క నిమిషం, తర్వాత పైకి" అని. ఆయన చేత పైకి అనిపించండి.

అంచు_కాదు_నడుమ:
అనిపించాను. రెండుసార్లు. రెండోసారి మంటా వచ్చినా సరే అని చేర్చి మరీ.

మంటా_పిచ్చి:
మంటా వస్తే మాత్రం... సరే, నేనేం అనలేదు.